సేమియాలు ఆరని మూరెడు జాగ

2012వ సంవత్సరం. సిద్దిపేటలో తెలంగాణ కోసం రోజు విడిచి రోజు ధర్నా, రోజూ విడవకుండా కరెంటు కోత. ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే పనిలో దిగి అప్పటికి నాకు ఏడాదిన్నర. అంతకుముందు టీవీలు బాగుచేసేవాణ్ని. చదువంటారా, ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్నూ, నేను లెక్కలనూ ఒకే రోజు వదిలేసుకున్నాం. హైదరాబాదులో పదిహేను రోజులు ట్రైనింగ్ తీసుకుని, ఒక పాత లాప్‌టాప్ సంపాదించి, సోలార్ డిజైనర్ అని బోర్డు రాయించుకున్నాను. రాసిన పెయింటరు నవ్వలేదు, మంచి మనిషి.

పని ఏమిటంటే, మిద్దెను టేపుతో కొలిచి, ఆ కొలతలతో సాఫ్ట్‌వేర్‌లో మిద్దె బొమ్మ గీసి, దాని మీద ప్యానెళ్లు పేర్చాలి. దీన్ని లేఅవుట్ అంటాం. మెట్ల గది, నీళ్ల ట్యాంకు, పక్కింటి గోడ, వీటి నీడ ఏ వేళకు ఎటు పడుతుందో చూడటాన్ని షాడో అనాలిసిస్ అంటాం. తెర మీద ఒక పట్టీ ఉంటుంది. దాన్ని జరుపుతుంటే నెలలూ గంటలూ మారి, బొమ్మలో నీడ పాకుతుంది. సూర్యుణ్ని వేలితో తిప్పుతున్నట్టే ఉంటుంది. అలా తిప్పీ తిప్పీ నాకు కొంచెం కొమ్ములు మొలిచాయి.

ఆ మార్చిలో ఇమాంసాబ్ చిచ్చా ఇంటి పని ఒప్పుకున్నాను. నలభై ఏళ్లు పరుపులకు దూది ఏకిన మనిషి. ఆ దూది దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. రోజంతా ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలన్నారు డాక్టర్లు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టంలోకి పంపే పెట్టె అది. కరెంటు పోతే ఆగుతుంది. అప్పుడు సిలిండర్ పెట్టాలి. బంద్ నాడు సిలిండర్ బండి రాదు. ఎండాకాలంలో కోతలు ఇంకా పెరుగుతాయి. ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని ప్రశ్న అదే: సిలిండర్ అయిపోయి, కరెంటు రాకపోతే?

ఆయన భార్య మహబూబీ చాచీ మిద్దె మీద టేపు రెండో కొస పట్టుకుంది.

"గా దక్షిణం అంచు మాత్రం నాకు ఇడిసిపెట్టు బేటా. ఎండాకాలమంత సేమియాలు గాడనే ఆరేస్త. రంజాన్‌కు మా వాడ సగం నా సేమియాలే తింటది."

"నీకో లైను, నాకో లైను గీస్త చాచీ. కొట్లాటనే ఉండది," అన్నాను.

మిద్దె నడుమ మెట్ల గది, దాని మీద ట్యాంకు, రెండూ కలిసి పదిహేను అడుగుల ఎత్తు. దాని దక్షిణపు గోడకు అడుగు దూరంలో నాలుగు ప్యానెళ్లు వరుసగా పేర్చాను. గాలికి గోడ అడ్డం, వైరు పొదుపు, చాచీ అంచు చాచీకే. సూర్యుడు దక్షిణంగా పోతాడు కాబట్టి గోడ నీడ వెనక్కి, ఉత్తరానికి పడుతుంది. ట్రైనింగులో సారు ఒకటే సూత్రం చెప్పాడు: డిసెంబర్‌లో నీడలు పొడుగు, ఆ నెల చూస్తే ఏడాదంతా చూసినట్టే. పట్టీని డిసెంబర్‌కు జరిపాను. ప్యానెళ్ల మీద నీడ చుక్క లేదు. పని అయిపోయిందని లాప్‌టాప్ మూశాను.

మర్నాడు సామాను లారీ రావాలి. రాస్తారోకో వల్ల ఊరి బయటే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే ఆ రాస్తారోకోలో నేనూ కూర్చున్నాను. రోడ్డు మీదే వండిన పప్పన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను కూడా. మూడో రోజు చిచ్చాకు ముఖం చూపించడానికి వెళ్లాను.

"నా లారీ ఆపింది నువ్వేనటగదరా," అన్నాడు ఆయన, మాటకూ మాటకూ నడుమ ఊపిరి తీసుకుంటూ.

"తెలంగాణ వస్తే నీకు రెండు లారీలు తెస్త చిచ్చా."

"గప్పటిదాక... ఊపిరి ఉండాలె గద."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మాట మార్చడానికి లాప్‌టాప్ తెరిచి లేఅవుట్ చూపించాను. చాచీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"గీ గోడ పొంటి పెట్టినవేంది? గీడ నీడ పడతది."

"గోడ నీడ అటు దిక్కు పడతది చాచీ. రా, మీదికి పోయి చూద్దాం."

మిట్టమధ్యాహ్నం. నేను చెప్పినట్టే నీడ గోడకు ఉత్తరాన బుద్ధిగా పడి ఉంది. చెయ్యి చాపి చూపించాను.

"గిప్పుడు గట్లనే ఉంటది. రోహిణి కార్తెల వచ్చి సూడు," అంది చాచీ. "సేమియా యాడ ఆరదో నాకు ఎరుకనే. గీ గోడ పొంటి మూరెడు జాగ దినమంత తడితడి ఉంటది. పొద్దుగాల తొమ్మిది దాక మూడు మూరలు. పొద్దు వాలినంక మల్ల గంతే. ముప్పై ఏండ్ల సంది గా జాగల తాడు కట్ట నేను."

"సూర్యుడు నీ సేమియాల కోసం బాట మారుస్తడా చాచీ?"

"నాకేం ఎరుక. నీ డబ్బానే అడుగు."

అడిగాను, ఆమెకు బుద్ధి చెబుదామనే. పట్టీని జూన్‌కు జరిపాను. బొమ్మలో నీడ గోడ దాటి ఇటు పక్కకు వచ్చింది. పొద్దున తొమ్మిది: నాలుగైదు అడుగులు ఇటే, నా ప్యానెళ్ల మీదే. మధ్యాహ్నం: మూరెడు. సాయంత్రం: మళ్లీ పొద్దుటంత. సాఫ్ట్‌వేర్ చెడిందనుకుని ఊరి పేరు సరిచూశాను. సిద్దిపేటే. ముందుకీ వెనక్కీ పదిసార్లు జరిపాను. పదిసార్లూ అదే నీడ, ఆమె చెప్పిన కొలతకే. 

తర్వాత తెలుసుకున్నాను. మన దగ్గర మే నడుమ నుంచి జూలై ఆఖరు దాకా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరంగా నడుస్తాడు. సారు సూత్రం ఇంకా ఉత్తరాన ఉన్న దేశాలకు సరిపోతుంది, మనకు సగమే. ఇంకో సంగతి. నాలుగు ప్యానెళ్లను ఒకదాని వెనక ఒకటి కలిపిన వరుసను స్ట్రింగ్ అంటాం. ఒక్కదాని మీద నీడ పడ్డా వరుసంతా నీరసిస్తుంది, పైపును ఒకచోట తొక్కినట్టు. నా లేఅవుటే బిగించుంటే, కోతలు ఎక్కువుండే నెలల్లోనే చిచ్చా మిషన్‌కు కరెంటు దాచే బ్యాటరీలు పొద్దునా సాయంత్రం ఆకలితో ఉండేవి. లారీ వేళకు వచ్చుంటే ఆ పాటికి గోడ పక్కనే రంధ్రాలు కొట్టేసేవాణ్ని.

"అయితే నా అంచుకు పెట్టు," అంది చాచీ.

"మరి నీ సేమియాలు?"

"ఉత్తరం పక్క కట్టుకుంట. పక్కింటోళ్ల యాపాకులు పడతయి. ఏరుకుంట. ఆయన ఊపిరికన్న ఆకులు ఎక్కువనా?"

జూన్ మొదటి వారంలో, కోత వేళ చూసి మరీ వెళ్లాను. తొమ్మిది కావస్తోంది. వీధిలో ఒక్క ఫ్యాను తిరగడం లేదు. చిచ్చా గదిలో మిషన్ మాత్రం బుస్సుమని ఊపిరి పోస్తోంది. మిద్దె ఎక్కాను. దక్షిణపు అంచున నాలుగు ప్యానెళ్లూ కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. గోడ పొంటి, మార్చిలో ప్యానెళ్ల కోసం నేను సున్నంతో గీసుకున్న గుర్తుల మీద, నీడ నిండుగా పడుకుని ఉంది. టేపు పెట్టాను. మూడు మూరలే. అవతల పక్క చాచీ తాళ్ల మీది సేమియాల్లోంచి వేపాకులు ఏరుతోంది. నన్ను చూసి, ఏరిన ఆకులు గోడ అవతలికి దులిపి మళ్లీ ఏరడంలో పడింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆమె సూర్యుడు ఉత్తరంగా పోతాడని ఎన్నడూ అనలేదు. ఎక్కడ ఆరదో అంతే చెప్పింది. లోకంలో ఇంత పెద్ద సంగతి ఒక తడి మూరెడు జాగలో పట్టిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అప్పటి నుంచి జూన్ నీడ చూడకుండా ఏ లేఅవుటూ ఇవ్వలేదు. ఏ మిద్దె ఎక్కినా టేపు తీయకముందే అడుగుతాను, ఈ ఇంట్లో ఎండబెట్టే పని ఎవరిది అని. వాళ్లు వచ్చేదాకా మెట్ల మీద కూర్చుంటాను.