నాయన చేతి మిలిటరీ వాచీ

పెళ్ళి బంతిలో మా నాయన పక్కన కూర్చున్న బంధువు ఒకాయన, వడ్డన మొదలవుతుండగా విస్తరి ముందు నుంచి లేచి అవతలి వరసలోకి పోయాడు. పోతూ పోతూ నలుగురికీ వినిపించేట్టు, "శవం చేతి వాచీ పీక్కొచ్చి కట్టుకున్నోడి పక్కన ముద్ద యాడ దిగుతాది?" అన్నాడు.  నెయ్యి వడ్డిస్తున్న నన్ను చూసి, నాయన ఇంకొంచెం పొయ్యమన్నాడు. సిగ్గుతో నాకు ఒళ్ళంతా మండిపోయింది.

ఇది అరవైల మొదట్లో మాట. నేను నెల్లూరులో ఒక బడిలో కొత్తగా టీచరుగా చేరాను. మా ఊరు ఇందుకూరుపేట పక్కన. నాయన వడ్లు పండించి, బండి కట్టుకొని సముద్రపు ఒడ్డున ఉన్న చేపల వాళ్ళ పాలేనికి పోయేవాడు. వడ్లు కొలిచి ఎండు చేపలు తెచ్చి, చుట్టుపక్కల ఊళ్ళల్లో అమ్మేవాడు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ వాచీ ఆయన ఎడమ చేతికి ఉంది. నల్లటి ముఖం, పాలిపోయిన రేడియం అంకెలు. టైం ఎప్పుడూ పొద్దును చూసే చెప్పేవాడు గానీ, వాచీ మాత్రం అందరికీ కనపడాలని చొక్కా చెయ్యి మోచేతి దాకా మడుచుకొని తిరిగేవాడు. ఊరు దాన్ని పొగరనుకుంది. నాకూ అలాగే తోచేది. ఎక్కడిదని అడిగితే, "నీకేందికి? పొయ్యి పని చూసుకో" అనేవాడు.

పెళ్ళి నుంచి వచ్చాక కాలు కాలిన పిల్లిలా అయిపోయాను. పిల్లలకు లెక్కలు చెబుతూ బోర్డు మీద చాక్‌పీసు పెట్టి అలాగే నిలబడిపోయేదాన్ని. మా నాయన శవాన్ని దోచుకున్నాడా? అదొక్కటే తెలియాలి నాకు. వాచీ వెనకబడి నడుస్తోంది, నెల్లూరులో చూపిస్తానని అబద్ధం చెప్పి ఆయన దగ్గర తీసుకున్నాను. ఇవ్వడానికి చాలాసేపు తటపటాయించాడు. "బిన్నా తెచ్చెయ్, ఆలస్యం చెయ్యబాక. చేతికి లేకపోతే కుదరదు" అన్నాడు. ఆ మాట నాకు ఇంకా అనుమానంగా తోచింది.

వాచీలు బాగుచేసే అతను వెనక మూత విప్పాడు. మూత మీద బాణం గుర్తు, దాని కింద నంబరు. మిలిటరీదేనన్నాడు. లోపల తుప్పు చూపించి, "ఇది ఉప్పునీళ్ళు తాగిన వాచీమ్మా" అన్నాడు. ఉప్పునీళ్ళంటే నాకు నాయన పొయ్యే పాలెమే గుర్తొచ్చింది.

మా బడి డ్రిల్లు మాస్టారు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. ఆయనకు చూపించాను. ఇలాంటివి సర్కారు సొత్తనీ, తిరిగి ఒప్పజెప్పాలనీ చెప్పి, కొన్నిటిని రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మద్రాసులో వేలం వేశారని కూడా అన్నాడు. ఆ వేలం మాటను పట్టుకొని రెండు పూటలు ఊరట పడ్డాను. కానీ మా నాయన జన్మలో గూడూరు దాటి ఎరగడు. ఆయనకు మద్రాసు వేలంపాటా?

ఇక ఉండబట్టక సెలవు రోజున పాలేనికి బయలుదేరాను. నాయన వడ్లు కొలిచే ఇంటి అవ్వ ఇసకలో చేపలు ఆరబోస్తోంది. ఆమె ముందు వాచీ పెట్టి, ఇది ఎవరిదని అడిగాను.

ఆమె వాచీని ముట్టుకోలేదు. "మీ నాయన చేతి నుంచి ఎందుకు తీసినావు?" అంది.

జరిగింది చెప్పాను. పెళ్ళిలో మాట కూడా దాచలేదు. అవ్వ చేతులు దులుపుకొని, "ఆయన తర్వాత అది కట్టుకోవాల్సింది నువ్వే గదా. నీకు తెలియాల్సిందే" అని కూర్చుంది.

యుద్ధం రోజుల్లో ఒక తుఫాను మర్నాడు పాలేనికి ఉత్తరాన ఒక సోల్జరు శవం కొట్టుకొచ్చిందట. ఒక కాలికే బూటు. చొక్కా జేబుకు ఎర్రదారం కుట్టు. మునసబుకు చెబితే వచ్చి చూసి పోయాడు, మళ్ళీ రాలేదు. పాలెం వాళ్ళే ఇసకలో పూడ్చారు.

"సముద్రం ఇచ్చిన పీనుగ మీద ఒక గుర్తు తీసి పెట్టాల, వాళ్ళోళ్ళు ఎతుక్కుంటా వస్తే చూపించేదానికి. అది పెట్టెలో దాయగూడదు. పదిమంది కంట్లో పడతా ఉండాల. యాడ దొరికింది, ఎట్టా ఉన్నాడు, అది మటుకు ఎవురికీ చెప్పగూడదు. చెప్తే దొంగోళ్ళు గూడా మాదే అని వస్తారు. ఆనవాళ్ళు వాళ్ళే చెప్పాల. మేం ఈ ఇసక దాటం. మీ నాయన ఊళ్ళు తిరిగే మనిషని మా పెద్దోళ్ళు ఆయన చేతికి కట్టినారు."

మైపాడు దాకా నడిచి బస్సెక్కాను. ఆ బస్సు ఎడ్లబండి కన్నా మెల్లగా పోతోందని డ్రైవరు మీద లోలోపలే కారాలు మిరియాలు నూరాను. నాయన దొంగ కాదు. పెళ్ళిలో లేచిపోయిన ఆ పెద్దమనిషి ఇంటికి పోయి ముఖం మీదే అడగాలనిపించింది.

ఇంటికి చేరేసరికి నాయన వసారాలో ఎద్దులకు పలుపు తాడు పేనుతున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే మొదలుపెట్టాను. "తుఫాను మర్నాడు, పాలేనికి ఉత్తరాన. ఒక కాలికే బూటు. జేబుకు ఎర్రదారం కుట్టు."

ఆయన చేతిలో పలుపు జారిపోయింది. గబుక్కున లేచి, భుజం మీద తుండు సర్దుకొని, నన్ను దాటి వీధిలోకి చూశాడు.

"వాళ్ళోళ్ళు వచ్చినారా? యాడ ఉండారు? వాళ్ళను వీధిలోనే నిలబెట్టినావేంది, లోపలికి రమ్మను."

"ఎవరూ రాలేదు నాయనా. పాలెంలో అవ్వ చెప్పింది."

"అవ్వ చెప్పిందా" అన్నాడు.

నువ్వు దొంగవేమోనని తిరిగానని ఆయనకు ఎలా చెప్పను? సంచిలో నుంచి వాచీ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చేతికి కట్టుకొని, చొక్కా చెయ్యి పైకి మడిచి, వీధి వైపు ఇంకొకసారి చూశాడు.