టైలరమ్మ ఎక్కితేనే వెలిగే లైటు

డ్రైవింగ్ నేర్పే ఆవిడని అందరూ బ్రేకక్క అనేవారు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే, ఆవిడ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచేది. అంతకుముందు బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగు పని. కంపెనీ మూతపడ్డ ఏడాదే భర్తకి చూపు మందగించింది. ఆయన నడిపే కారు ఇంటిముందు దుమ్ము కొట్టుకుపోతోంది.

"అమ్మేద్దాం" అన్నాడాయన.

"అమ్మడమెందుకు, నాకు నేర్పండి" అందావిడ.

నలభై దాటాక నేర్చుకుంది. పక్కింటి గోడకి ఒకసారి, తమ గోడకే రెండుసార్లు గుద్దింది. అయినా పట్టు వదల్లేదు. స్టీరింగు ముందు కూర్చుంటే గుండె ఎలా దడదడలాడుతుందో బాగా గుర్తుండగానే నలుగురికీ నేర్పడం మొదలెట్టింది. అందుకేనేమో, "నీవల్ల కాదులే" అని ఇంట్లోవాళ్ళు చేతులు దులిపేసుకున్న ఆడవాళ్ళందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

కారు మాత్రం ముసలిదైపోయింది. డోరు వేస్తే రేకు డబ్బా మూసినట్టు చప్పుడు. అలాంటి కారుకి ఓ రోజు కొత్త జబ్బు పట్టుకుంది. స్పీడు మీటరు పక్కన బ్యాటరీ బొమ్మతో ఎర్ర లైటు చటుక్కున వెలిగి, ఆవిడ కళ్ళు అటు తిప్పేలోపే ఆరిపోయింది. మర్నాడు మళ్ళీ అంతే.

రెండు వీధుల అవతల ఆవిడ తమ్ముడికి మెకానిక్ షెడ్డుంది. అతను ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టి చూశాడు. చార్జింగు నిక్షేపంలా ఉంది. అనుమానం తీరక బ్యాటరీ మార్చాడు. లైటు వెలిగింది. బెల్టు మార్చాడు. లైటు వెలిగింది. చివరికి బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటరునే విప్పి, బాగుచేసి బిగించాడు. వారం తిరక్కుండా లైటు మళ్ళీ పలకరించింది.

"అక్కా, నా దగ్గరున్నంతసేపూ నీ కారు మహా బుద్ధిమంతురాలు. గేటు దాటాకే దానికి రోగం. ఇంక నేనేం చెయ్యను చెప్పు" అని చేతులెత్తేశాడు తమ్ముడు.

ఈలోగా నేర్చుకునేవాళ్ళ మధ్య ఓ మాట పాకింది. ఆ లైటు టైలరమ్మ నడిపినప్పుడే వెలుగుతుందట.

టైలరమ్మ స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. మూటలు కట్టి తనే స్కూళ్ళకి చేర్చాలని ఆవిడ ఆశ. కుట్టుమిషను మీద ఎంత నేర్పరో క్లచ్చు మీద అంత గాభరా. క్లచ్చు ఒక్కసారిగా వదిలేసేది, కారు కప్పలా గెంతేది, గెంతగానే ఉలిక్కిపడి క్లచ్చు మళ్ళీ తొక్కేసేది. నలుగురి గుసగుసలూ ఆవిడ చెవిన పడనే పడ్డాయి. ఓ ఉదయం పాఠానికొచ్చి, కారెక్కకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మానేస్తానండీ. మీకు అన్నం పెట్టే కారు. నేనెక్కితేనే దానికేదో అవుతోందట. నా కాలే మంచిది కాదేమో."

"మీ కాలు సంగతి నాకు తెలీదా ఏంటి? మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. తొందరది, అంతే" అంది బ్రేకక్క.

టైలరమ్మకి నవ్వొచ్చింది. బ్రేకక్కకి మాత్రం తన మాటే మనసులో ముల్లులా గుచ్చుకుంది. తొందర కాలు పడితే కారు గెంతుతుంది. కారు గెంతితే లోపల ఇంకేం గెంతుతోంది?

టైలరమ్మని కూర్చోమని, ఒక్కతే కారు తీసుకుని మార్కెట్టు వెనక ఎత్తు రోడ్డుకి వెళ్ళింది. మెల్లగా క్లచ్చు వదిలి ఎక్కింది. లైటు లేదు. కిందికి దిగొచ్చి, ఈసారి అచ్చం టైలరమ్మలా వదిలి, మళ్ళీ తొక్కింది. కారు ఎగిరిపడింది. ఎర్ర లైటు తళుక్కుమంది. ఇన్నాళ్ళూ ఆ లైటు చూస్తే ఒళ్ళు మండే మనిషికి ఆ క్షణాన ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొచ్చి టైలరమ్మని ఎక్కించుకుని నేరుగా షెడ్డుకి పోనిచ్చింది.

"ఒరేయ్, నువ్వు చూసినప్పుడల్లా ఇంజను బుద్ధిగా ఒకచోట నిలబడే ఉందిరా. ఇది గెంతేటప్పుడు చూడాలి."

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "నిజమేనక్కా. అయితే ఎవరు గెంతిస్తారు?"

"ఇదిగో, నిపుణురాలిని వెంటబెట్టుకునే వచ్చాను."

చక్రాల కింద చెక్కలు పెట్టారు. తమ్ముడు బానెట్టు ఎత్తి, టార్చిలైటుతో పక్కన నిలబడ్డాడు. బ్రేకక్క తన బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, లైటు మీద చూపు నిలిపింది.

"ఎప్పట్లాగే వదిలి తొక్కండి. ఇంజను మాత్రం ఆగకూడదు. ఆగిపోతే ఈ లైటు ఎలాగూ వెలుగుతుంది, మనకేమీ తెలీదు."

టైలరమ్మ క్లచ్చు వదిలింది. వెన్నలా వదిలింది. ఇంజను చిన్నగా మూలిగింది తప్ప చెక్కు చెదరలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి ఇంకా మెత్తగా.

"ఏంటండీ ఇది. ఇన్నాళ్ళూ కుదపొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. కుదపమంటే ఈరోజు కుదపరా?"

"ఏం చెయ్యనండీ, భయమెయ్యడం లేదు. తప్పు చెయ్యమని మీరే అన్నారుగా" అంది టైలరమ్మ, తనకే ఆశ్చర్యంగా.

బ్రేకక్క ఒక్క క్షణం ఆలోచించింది. "సరే, మార్కెట్టు ఎత్తు మీదున్నారు. వెనకాల లారీ. వాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు."

అంతే. కాలు ఎగిరింది. ఇంజను ఒక పక్కకి అమాంతం లేచి పడింది. డాష్‌బోర్డు మీద ఎరుపు, బానెట్టు కింద చిన్న నిప్పురవ్వ, రెండూ ఒక్కసారే.

"దొరికిందక్కా" అన్నాడు తమ్ముడు.

ఇంజనుని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ చిరిగిపోయింది. దాంతో కుదుపు వచ్చినప్పుడల్లా ఇంజను లేస్తోంది. ఆల్టర్నేటరు నుంచి డాష్‌బోర్డు లైటుకి వెళ్ళే సన్నటి వైరు ఓ గొట్టం వెనక నక్కి ఉంది. అక్కడ తొడుగు అరిగి రాగి బయటపడింది. ఇంజను లేచినప్పుడల్లా ఆ రాగి ఇనప రేకుకి తగులుతోంది, తగిలినంతసేపూ లైటు వెలుగుతోంది.

తమ్ముడు అక్కడితో ఆగలేదు. ఇంజను ఆపించి, ఆ వైరుని రేకుకి దూరంగా లాగి కట్టాడు. "ఇప్పుడు మళ్ళీ ఆ లారీని పిలవండి" అన్నాడు. టైలరమ్మ ఈసారి నవ్వుతూనే గెంతించింది. లైటు లేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా. లేదు. కట్టు విప్పి చూశాడు. వెలిగింది. ఇంక అనుమానానికి చోటే లేదు.

"టైలరమ్మగారూ, మీలా గెంతించేవాళ్ళు నా షెడ్డులో ఒక్కరుంటే సగం జబ్బులు ఇట్టే దొరికేవండీ" అన్నాడు తమ్ముడు, కొత్త వైరు కత్తిరిస్తూ. సాయంత్రానికల్లా వైరు మారింది, దానికి దళసరి తొడుగు పడింది, ఇంజను కింద కొత్త దిమ్మ కుదురుకుంది. తర్వాత ఆ ఎర్ర లైటు తాళం తిప్పినప్పుడు వెలిగి, ఇంజను అందుకోగానే ఆరేది. దాని పని అదే.

మానేస్తానన్న మాట టైలరమ్మ మళ్ళీ ఎత్తలేదు. తన కాలు మెత్తగా కూడా పడగలదని షెడ్డులో కళ్ళారా చూసుకుందిగా. ఆ మెత్తదనాన్నే పట్టుకుని రోజూ ఎత్తు రోడ్డు మీద సాధన చేసింది. లైసెన్సు పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు సరిగ్గా ఎత్తు మధ్యలో ఆపించి, మళ్ళీ కదలమన్నాడు. కారు వెనక్కి జారలేదు, ముందుకి గెంతలేదు. పాసయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ దగ్గరి దారి వదిలేసి, మెయిన్ రోడ్డు మీదుగా తిప్పింది. తన కుట్టు దుకాణం ముందు వేగం తగ్గించి, గట్టిగా హారన్ కొట్టింది.

"అడ్డం ఎవరూ లేరుగా, ఎందుకూ?" అంది బ్రేకక్క.

"ఇంట్లోవాళ్ళంతా లోపలున్నారండీ. బయటికొచ్చి చూడొద్దూ" అంటూ టైలరమ్మ ఇంకోసారి కొట్టింది.