వరండాలో మళ్ళీ ఆడిన ఖోఖో

మొన్న సాయంత్రం మా మనవరాలు బడంగ్‌పేట్‌లో ఖోఖో పోటీలు గెలిచి వచ్చింది. కాళ్ళ దుమ్మైనా కడుక్కోనివ్వకుండా ఎట్లా గెలిచారో చెప్పమని నేను పట్టుకుంటే, "గ్రూపుల వీడియో పెట్టిన నానమ్మా, చూస్కో" అని ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వీడియో తెరిచే లోపే నా మనసు ఇబ్రహీంపట్నంలో మేం చదివిన బడి వరండాలోకి పరుగెత్తింది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా ఆడపిల్లల జట్టు మహేశ్వరం వెళ్ళి సెమీఫైనల్ గెలిచింది. ఆడపిల్లలు ఊరు దాటడమే గగనమైన ఆ రోజుల్లో, బస్సెక్కి పోయి, గెలిచి, దారంతా గొంతులు పోయేలా అరుచుకుంటూ తిరిగొచ్చామంటే ఎంత సంబరమో మన ఈడు వాళ్ళకు వేరే చెప్పాలా! రెండు రోజుల్లో ఫైనల్. కానీ మమ్మల్ని పంపాల్సింది మా క్లాసు టీచరైన ఇంగ్లీషు సారు. ఆయనకు ఆటలంటే గిట్టదు, పైగా నెలంతా పాస్ట్ టెన్సు, పాస్ట్ కంటిన్యువస్ అని ఆయన మొత్తుకున్నా జట్టు జట్టంతా పరీక్షలో గుండుసున్నాలు తెచ్చుకుని ఆయన కడుపు మండించి ఉన్నాం. నిన్నటి ఆట మొత్తం తెలుగు ముక్క లేకుండా ఇంగ్లీషులో చెప్పాలని, ప్రతి పిల్లా నోరు విప్పాలని, ఒక్కరు ఆగిపోయినా ఎవరూ బస్సెక్కేది లేదని తేల్చేశారు.

ఇంగ్లీషు పీరియడులో సారు నా పేరు పిలిస్తేనే నాకు చెమటలు పట్టేవి. నా ఒక్కదాని వల్ల అందరి ఆటా పోతుందన్న భయంతో తల వంచుకుని కూర్చున్నాను. అప్పుడు మా కెప్టెను, మా మేనత్త కూతురు, మహా నోరున్న పిల్ల, లేచి నిలబడి "నిలబడి చెప్పుమంటె రాదు సార్, ఆడుకుంట చెప్తం" అంది. సారు ఏమనుకున్నారో ఏమో, సరేనన్నారు.

ఇక చూడండి! వరండాలో రెండు స్తంభాల మధ్య వరసగా కూర్చున్నాం, అవతలి జట్టుగా మా క్లాసు పిల్లలే దిగారు. సారు చప్పట్లు కొడితే ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోవాలి, అప్పుడు ఏం చేస్తున్నావో, ఇంతలో ఏం జరిగిందో చెప్పాలి. 'షి వాజ్ రన్నింగ్' అని ఒకతి, 'ఐ వాజ్ ఛేజింగ్, షి ఫెల్' అని ఇంకొకతి, ఆయాసపడుతూనే చెప్పేస్తున్నారు. నెలంతా బోర్డు మీద చూసినా ఎక్కని ముక్కలు పరుగులో ఎట్లా వచ్చాయో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పక్క క్లాసుల వాళ్ళంతా కిటికీలకు అతుక్కుపోయారు.

చివరి వంతు నాది. ముందురోజు ఆఖరి పిల్లను పట్టింది నేనే. సారు నావైపు చూశారు. నా నాలుక కదల్లేదు. వెనక నుంచి మా మేనత్త కూతురు నా వీపు మీద ఒక్కటిచ్చి "ఖో!" అని అరిచింది. అంతే, ఎగిరి లేచాను, లేస్తూనే అరిచాను: షి వాజ్ టర్నింగ్, ఐ వాజ్ సిట్టింగ్, మై సిస్టర్ సెడ్ ఖో, ఐ జంప్డ్! తెలుగు ముక్క వినబడకూడదన్న సారు కుర్చీలోంచి లేచి నిలబడి, "దొరికిందా ఆ పిల్ల?" అన్నారు.

ఐ టచ్డ్ హర్ సార్, అన్నాను. ఆనందంతో నాకు ఏడుపొచ్చేసింది.

ఫైనల్లో ఓడిపోయాం. మొహాలు వేలాడేసుకుని మర్నాడు బడికి వెళ్తే, సారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఓడిన సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. అయినా వరండా మెట్టు మీద కూర్చుని, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, మొదటినుంచి చెప్పమన్నారు.

మనవరాలి వీడియో చూశాను. మస్తుగా ఆడింది, నా కడుపు నిండింది. కానీ అది లేచి పరుగెత్తకముందు ఏమనుకుంటూ కూర్చుందో అందులో లేదు. మన రోజుల్లో ఆట ఎవరో కొందరే చూసేవారు, మిగిలిన ఊరంతా నోరు తెరుచుకుని వినేది. ఇప్పుడు అందరూ చూసేస్తున్నారు, తర్వాతేమైందని అడిగేవాళ్ళే లేరు. అందుకే ఫోను దిండు కింద పెట్టి, "నాకు చూపు ఆనుతలేదు బిడ్డా, జర నువ్వే చెప్పు" అని లోపలికి కేకేశాను.

వస్తున్నానంది. నేను పోయి వాకిలి మెట్టు మీద కూర్చున్నాను.