పెరుగు అడిగిన పాపానికి

నిన్న ఇక్కడ ఫారిన్‌లో, పార్సిప్పనీ అనే ఊళ్ళో కాస్త పెరుగు అడిగి పేషెంట్‌నైపోయాను, తెలుసా! నవ్వకండి, ముందు వినండి.

మా క్లాస్‌మేట్ లీసా వాళ్ళు ఇటాలియన్లు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ నాయనమ్మ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళింది. ఆవిడని అందరూ నోనా అంటారు. కార్‌లోనే లీసా వార్నింగ్ ఇచ్చింది.

"ప్లేట్‌లో ఏమీ వదలకు. పోయినసారి ఒక ఫ్రెండ్ సగం వదిలేస్తే నోనా ఏడ్చేసింది."

పెద్దావిడని ఏడిపిస్తానా! అస్సలు వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

ముందు ఆలివ్‌లు, చీజ్, బ్రెడ్. తర్వాత ఇంత పెద్ద పళ్ళెం నిండా పాస్తా! ఆ టమాటా సాస్ కోసం నోనా పొద్దున్నే లేచిందట. అబ్బ, ఏం రుచి! ఇదే భోజనం అనుకుని మూడుసార్లు వేయించుకుని తుడిచినట్టు తిన్నాను. హమ్మయ్య అనుకునేలోపే నోనా రోస్ట్ చేసిన కోడిని తెచ్చింది.

"లీసా, ఇంకా ఉందా?"

"ఇప్పుడేగా మొదలైంది!"

వద్దని రెండు చేతులూ ప్లేటుకి అడ్డం పెట్టాను. నోనా నా చేతులు పక్కకి నెట్టి మరీ వడ్డించింది. అచ్చం మా పెద్దమ్మే! ఎక్కడి ఇటలీ, ఎక్కడి తణుకు! ఆ మాటే లీసాకి చెబుదామనుకున్నాను. అసలు నోట్లో ఖాళీ ఉంటేగా!

కోడి అయ్యాక సలాడ్ గిన్నె పట్టుకుని మళ్ళీ వస్తోంది. అప్పుడు వెలిగింది నా బుర్ర. మన ఇళ్ళల్లో పెరుగు దాకా వచ్చామంటే భోజనం అయిపోయినట్టేగా! "నోనా, కొంచెం యోగర్ట్ ఉందా?" అన్నాను. లీసా ఇటాలియన్‌లో చెప్పింది.

నోనా గబగబా వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"మా ఇంట్లో భోజనంలో యోగర్ట్ ఉండదు, కడుపు పాడైతేనే తింటాం. నీకు కడుపులో బాగాలేదనుకుంటోంది," అని లీసా గుసగుసలాడింది. "తన వంటే పడలేదేమోనని బెంగ."

"అయ్యో, కాదని చెప్పు!"

"చెప్పాను. నమ్మట్లేదు."

అయిదు నిమిషాల్లో చిన్న చిన్న పాస్తా వేసిన వేడి సూప్ వచ్చింది. వాళ్ళింట్లో జబ్బు చేసినవాళ్ళకి అదే పెడతారట! నా పక్కనే కూర్చుని, ఊది ఊది, స్పూన్‌తో తాగించింది. వదిలితే ఏడుస్తుందాయె, గిన్నె ఖాళీ చేశాను. ముక్కూ మొహం తెలియని పిల్ల మీద ఇంత ప్రేమా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొన్ని పొట్ట నొప్పివి కూడా అనుకోండి.

కార్‌లో సీట్ బెల్ట్ పెట్టుకోలేక అవస్థ పడుతుంటే, నోనా గుమ్మంలోంచి ఏదో అరిచింది. లీసా నవ్వాపుకోలేక చెప్పింది.

"పాపం, ఈ పిల్ల ఇవాళ ఏమీ తినలేకపోయిందట. ఒంట్లో బాగయ్యాక వచ్చే ఆదివారం తీసుకొస్తే, సరిగ్గా భోజనం పెడుతుందట."

నేను సిగ్గు లేకుండా "ఎన్నింటికి?" అని అడిగాను.