హసింతా కూల్చిన ఆవం

హసింతా చేసిన కుండలో ముఖం చూసుకుని జడ అల్లుకోవచ్చని మా సాన్ లూకాస్ ఆడవాళ్లం చెప్పుకునేవాళ్లం. అందులో అతిశయోక్తి కొంచెమే. మా ఊళ్లో నలభై కుమ్మరి ఇళ్లు, ఇంటికొక కుండలు కాల్చే ఆవం. అందరం ఒకే కొండ మట్టి తవ్వుకునేవాళ్లం. పట్నం నుంచి సంచుల్లో వచ్చే పసుపుపచ్చ పొడినే అందరం నీళ్లలో కలిపి కుండలకు మెరుగు పూసేవాళ్లం. అయినా ఆమె చేతికొచ్చిన మెరుపు మాకెవరికీ వచ్చేది కాదు.

మా పెద్దదానికి బాప్టిజం ఇచ్చిన రోజు చర్చిలో దాన్ని చేతుల మీద పట్టుకున్నది ఆవిడే. ఆ బంధంతో నాకు వదిన వరస. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చదువు రాదు కానీ ఊరికి ఏ కష్టమొచ్చినా ఆఫీసుల ముందు నిలబడి అడిగేది ఆవిడే.

మా ఊరికున్న పెద్ద కష్టం పిల్లలు. మావాళ్లకు చదువు అబ్బేది కాదు. కొండ కింది ఊళ్లో ఆరేళ్ల పిల్లలు చదివే పాఠం మా ఊళ్లో పదేళ్లవాళ్లకు వచ్చేది కాదు. వారానికి రెండుసార్లు కడుపునొప్పని మెలికలు తిరిగిపోయేవాళ్లు. ముఖాలు పాలిపోయి ఉండేవి. హసింతా మనవరాలు మికేలా ఎనిమిదేళ్లది, ఒకటో తరగతిలోనే మూడో ఏడు. పొద్దున నేర్చిన అక్షరం మధ్యాహ్నం రొట్టె తిని లేచేసరికి మాయం.

"పిల్లల్లో ఏ లోపమూ లేదు. చెప్పేవాడిలో ఉంది," అనేది వదిన. ఆ మాట మా అందరికీ నచ్చింది. రెండుసార్లు అర్జీలు రాయించి, లారీ ఎక్కి జిల్లా ఆఫీసుకు వెళ్లి, ఇద్దరు పంతుళ్లను పంపించేశాం. రెండో ఆయన పేరు లియోబార్దో. పెట్టె భుజాన పెట్టుకుని బస్సు కోసం ఆయన నడిచి వెళ్తుంటే దారి పక్కన నిలబడి వదిన అరిచింది. "మా పిల్లల్ని మొద్దుల్ని చేసి పోతున్నావ్! ఈ ఉసురు నీకు తగలకపోదు, పో!" ఆయన ఆగాడు. మమ్మల్ని కాదు, మా వెనకున్న పిల్లల్ని చూసి టోపీ తీశాడు. అంతే, వెళ్లిపోయాడు. మేం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

మరుసటేడు నోయెమి అనే నర్సు వచ్చింది. పిల్లల వేళ్ల కొసలు గుచ్చి రక్తం తీసుకుపోయింది. నెల తర్వాత తిరిగొచ్చి చర్చి ముందు అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది: పిల్లల ఒంట్లో సీసం ఉంది, అది మెరుగు పొడిలోంచి వస్తోంది, ఆ కుండల్లో టమాటా, మిరపకాయ, నిమ్మరసం పడితే కూరలోకి దిగుతుంది, పిల్లల మెదడును తినేస్తుంది. దూది చుట్టిన పుల్ల ఒకటి చూపించింది. దాన్ని రుద్దినప్పుడు ఎర్రబడితే సీసం ఉన్నట్టట.

ఎబోదియో మా ఊళ్లో అందరికంటే పెద్ద ఆవం ఉన్న ముసలాయన. ఆయన లేచాడు. "మా అవ్వ ఇట్లాంటి చట్టిలోనే తిని తొంభై ఏళ్లు బతికిందమ్మాయ్. నీ పుల్లకు ఎన్నేళ్లు?"

జనం విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వదినే. నర్సు తలొంచుకుని సామాను సర్దుకుంది.

ఆ తర్వాత జరిగింది వదిన నాకు చాలా రోజులకు చెప్పింది. మూడో రోజు మధ్యాహ్నం వదిన తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పూత కలుపుతోంది. పక్కన మికేలా చిన్న గిన్నెల్ని అందులో ముంచి తీస్తోంది. భోజనానికి పిలిస్తే పిల్ల చేతులు గౌనుకు తుడుచుకుని రొట్టె చుట్టుకుని తిన్నది. ఆఖరున వేళ్లు నాకుతూ అంది: "నానమ్మా, ఈ పొడి తియ్యగుంటుంది, తెలుసా?"

వదినకు తెలుసు. తన చిన్నప్పుడు తను కూడా వాళ్లమ్మ పక్కన కూర్చుని ఆ తీపి నాకింది.

ఆ క్షణాన కొడుకు రుఫీనో గుర్తొచ్చాడు. ముప్ఫై అయిదేళ్లొచ్చినా పదికి మించి లెక్కపెట్టలేడు. మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయిన ఇద్దరు మగపిల్లలు గుర్తొచ్చారు. ఒకడి చావుకు పొరుగామె దిష్టి అంది. ఇంకొకడి చావుకు మంత్రసానిని శపించింది. మికేలా మందబుద్ధికి కోడలి పాలు మంచివి కావంది. తర్వాత పంతుళ్లు. ఇన్నేళ్లూ వేలు అందరి వైపూ తిప్పింది, ఆ వేలు మాత్రం తొట్టిలో మునిగే ఉంది.

ముప్ఫై ఏళ్లుగా చిక్కుడు గింజలు ఉడికించిన చట్టిని శాలువాలో కట్టుకుని రెండు గంటలు కొండ దిగి ఆస్పత్రికి వెళ్లింది. నోయెమి పుల్ల రుద్దింది. దానిమ్మ గింజలా ఎర్రబడింది.

"ఇంకో పుల్ల ఇయ్యి తల్లీ," అని వదిన దాన్ని తన గోటి కింద రుద్దుకుంది. అదీ ఎర్రబడింది.

ఆ ఆదివారమే ఊరి సభ. లియోబార్దో తర్వాత మూడో పంతులుగా వచ్చిన టీచరమ్మను కూడా పంపించేయాలని అర్జీ సిద్ధం. మొదటి వేలిముద్ర ఎప్పుడూ వదినదే. సిరా డబ్బా ముందుకు జరిపారు. ఆవిడ వేలు ముంచలేదు.

"ఈ అర్జీ చింపెయ్యండి. ఆ నర్సు పిల్ల చెప్పింది నిజమే. మికేలాను అట్లా చేసింది నేనే, ఈ చేత్తోనే. రుఫీనోను కూడా. రేపట్నుంచి ఆ పొడి నా గడప తొక్కదు."

సభ ఒక్కసారి భగ్గుమంది. నాకైతే ఒళ్లు మండిపోయింది. "అంటే మేమంతా మా పిల్లలకు విషం పెట్టామంటావా వదినా?" అని లేచాను.

"నీ సంగతి నాకు తెలీదు ఫెలీ. నేను పెట్టాను. అదే చెబుతున్నా."

ఆవిడ తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. నీతులు చెప్పి ఉంటే ఎగతాళి చేసేదాన్ని. ఆవిడ రెండూ చేయలేదు. అయినా కూర్చోబోతూ, "వయసు మీద పడి మతి చెడింది" అని అందరికీ వినబడేలా అన్నాను. ఆ మాట ఈనాటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

పది రోజులకు మా గుమ్మంలోకొచ్చింది. "లియోబార్దో పంతులు దగ్గరికి పోవాలి. బస్సు మీద పేరు చదవలేను. వస్తావా?" కోపంగానే వెళ్లాను.

పట్నంలో బడి గేటు దగ్గర ఆయన కనిపించాడు. మమ్మల్ని చూసి బిగుసుకుపోయాడు. వదిన ఆయన ముందు నిలబడి శాలువా తల మీంచి తీసేసింది.

"అయ్యా, నీకు ఉసురు తగలాలన్నాను. ఆ ఉసురు తగలాల్సింది నాకు. మా పిల్లల తలల్లో సీసం పోసి, చదువు రాలేదని నిన్ను తరిమాను. నువ్వు క్షమించకపోయినా ఏమనుకోను. నీ ముఖం చూసి చెబుదామని వచ్చా."

ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "అమ్మా, నేనేం చేశానో మీకు తెలీదు. కడుపునొప్పంటే దొంగవేషమని ఎండలో నిలబెట్టాను. ఈ జాతికి చదువెక్కదని కాగితం మీద రాసి పైకి పంపాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు."

ఇద్దరూ గేటుకు అటొకరు ఇటొకరు ఏడుస్తూ నిలబడ్డారు. తనను ఎవరూ నిందించకుండానే ఒక మనిషి తప్పు ఒప్పుకోవడం నేను పుట్టాక అదే చూడటం. తిరుగు బస్సులో వదిన పక్కన కూర్చోవాలంటే గుడిలో కూర్చున్నట్టు బెరుకు కలిగింది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. సీసం లేని పూత నోయెమి ఎక్కడినుంచో తెప్పించింది. మొదటి కాల్పులో కుండల మీద పూత విరిగిన పాలలా ముద్దలు కట్టింది. రెండోసారి బుడగలొచ్చాయి. సంతకు వచ్చే బేరగాళ్లు ఆమె ఇల్లు దాటి పక్కింటికి పోవడం మొదలుపెట్టారు. ఆరోసారికి కుండ మెరిసింది. పాత మెరుపు కాదు, కొంచెం మసక. అయినా మెరిసింది. నోయెమి సంతోషంగా పుల్ల రుద్దింది. ఎర్రబడింది.

నోయెమి చెబితే అప్పుడు తెలిసింది: ఇన్నేళ్ల పొగకు ఆవం గోడలే సీసం తాగి ఉన్నాయి. ఆ ఆవంలో ఏది కాల్చినా విషమే.

ఆ ఆవాన్ని కట్టింది వదిన వాళ్ల నాన్న. ఇటుక ఇటుకా ఆయనే కోసి కాల్చాడు. రుఫీనో వెళ్లి గోడకు వీపానించి నిలబడ్డాడు. "వద్దమ్మా, తాతది!"

"తెలుసు నాయనా. తాతకు తెలీక కట్టాడు. నాకు తెలిసి ఉంచనా?"

గడ్డపార ఎత్తింది. మొదటి దెబ్బకు ఇటుక కదలలేదు. ఊరంతా ప్రహరీ బయట మూగింది. ఎబోదియో కూడా వచ్చాడు. అరవై ఏళ్ల ముసలిది, మసి మీద పడుతుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని, తండ్రి చేతిపనిని ఒక్కో వరసే విప్పుకుంటూ పోతోంది. నా జీవితంలో కొండచరియ విరగడం చూశాను, భూకంపం చూశాను. అంత భయభక్తులు నాకు వాటి ముందు కలగలేదు. ఎప్పుడు ప్రహరీ దూకానో తెలీదు. రెండో వైపు పార పట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూసి, "ముక్కుకు గుడ్డ కట్టుకో ఫెలీ" అంది. అంతే.

ఆ ఇటుకల్ని గొడ్ల కొట్టానికి ఇమ్మని ఒకరడిగితే ఇవ్వలేదు. బావులకు దూరంగా గొయ్యి తీయించి పూడ్చింది.

కొత్త ఆవంలోంచి తీసిన మొదటి గిన్నె మీద పుల్ల తెల్లగానే ఉండిపోయింది. ఆ వానాకాలం లోపు నాది కూల్చాను. రెండేళ్లలో పంతొమ్మిది కూలాయి. ఆ టీచరమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. మికేలా కడుపునొప్పి పోయింది, బుగ్గల్లోకి రంగొచ్చింది. పదకొండో ఏట బస్సు బోర్డు కూడబలుక్కుని చదివి నానమ్మకు వినిపించింది. లెక్కలు మాత్రం రాలేదు. రుఫీనో ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు. పోయింది అంతా తిరిగి రాదని వదినకు తెలుసు.

ఆ ఏడు మళ్లీ లారీ ఎక్కి జిల్లా ఆఫీసుకు వెళ్లాం. అన్ని కుమ్మరి ఊళ్ల పిల్లలకూ రక్తపరీక్ష చేయాలని, ఆ పొడి అమ్మకం ఆపాలని అడగడానికి. గుమస్తా కాగితం తీసి మామూలుగా అడిగాడు: "ఫిర్యాదు ఎవరి మీద?"

"మొదట నా పేరు రాయి బాబూ," అంది వదిన. "హసింతా ఒలివేరా, సాన్ లూకాస్. నలభై ఏళ్లు పూశాను. తర్వాత ఆ పొడి చేసేవాళ్లను రాయి. ఆ తర్వాత ఇన్నేళ్లు చూసి ఊరుకున్న మీ ఆఫీసును రాయి."

గుమస్తా తలెత్తి ఆవిడను చూసి, రాయడం మొదలుపెట్టాడు. నేను ముందుకు జరిగి రెండో పేరు చెప్పాను. నా వెనక ఇంకొకరు చెప్పారు. నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరుగా తమ పేర్లూ, ఎన్నేళ్లు పూశారో చెబుతుంటే గుమస్తా వంచిన తల ఎత్తకుండా రాస్తూ పోయాడు. ఇరవై మూడోవాడు తలుపు దగ్గర టోపీ చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాతో లారీలో రాలేదు, వెనక ఎప్పుడో బస్సులో వచ్చినట్టున్నాడు.

"ఎబోదియో సాలస్," అన్నాడు ముసలాయన. "యాభై ఎనిమిదేళ్లు."