సాంచా ఆపని మామ

ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. నాటకంలో రాజు చేసిన తప్పును వేలు పెట్టి చూపించిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి అంత మూర్ఖంగా ఎలా ఉంటాడు?

మా మేనమామ సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో తువ్వాళ్ళ కార్ఖానాలో సాంచా, అంటే కరెంటు మగ్గం, నడిపేవాడు. పండగలకు మా వాడ వేసే నాటకాల్లో ఎప్పుడూ ఆయనదే రాజు వేషం. ఆ ఏడు నాటకం రాసే పని నా నెత్తిన పడింది. కాలేజీలో పాఠాలు చెబుతాను కదా, ఇంకెవరు దొరుకుతారు! నా రాజు మహా ధైర్యవంతుడు. ఏరు పొంగింది, పడవెక్కొద్దని అందరూ కాళ్ళావేళ్ళా పడతారు. వెనక్కి తగ్గితే పరువు పోతుందని ఎక్కుతాడు, మునిగిపోతాడు.

మామ ఇంట్లోనే రిహార్సల్. ఆ రాజు మీద ఆయన మండిపడ్డాడు.

"థూ! ఎక్కకుంటే ఏం పాయె బిడ్డా? పానం కన్న పరువెక్కువనా?"

"జనం మెచ్చుకున్నది ఆ ధైర్యాన్నే కదా మామా. అదే ఆయన్ని ముంచింది," అన్నాను.

"ఖరే, నిజమే," అని కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు.

గడపలో కూర్చుని బీడీలు చుడుతున్న అత్తమ్మ తలెత్తలేదు. "గా మాట సాంచా కాడ గూడ యాది పెట్టుకో," అంది.

ఆమె బాధ మాకు తెలియనిది కాదు. పడుగు పోగు తెగితే ఎవరైనా సాంచా ఆపి ముడేస్తారు. మామ ఆపడు. దడదడలాడుతున్న సాంచాలోకి వంగి, వేళ్ళతోనే పోగు పట్టి ముడేస్తాడు. పేక దారాన్ని మోసుకుంటూ అటూ ఇటూ దూసుకెళ్ళే ఇనుప మొనల ధోటా ఎగిరి మనిషికి తగలకుండా అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చేతికి అడ్డమొస్తోందని దాన్ని ఊడదీసి మూలకు పడేశాడు. పక్క సాంచా ఆయనకు ధోటా తగిలి పళ్ళు రాలిపోయినా మామలో చలనం లేదు.

"కన్ను పోతే ఏం జేస్తవ్? గా కడ్డీ పెట్టుకో," అని అత్తమ్మ రోజూ మొత్తుకునేది.

"సాంచా ఆపి ముడేసుడు ఎవలకైనా వస్తది. ఇగ నాకూ ఆళ్ళకూ ఫరక్ ఏముంటది?" అనేవాడు మామ.

నాటకానికి ముందురోజు కిరీటం కొలత కోసం కార్ఖానాకు వెళ్ళాను. నాతో వచ్చిన మంత్రి వేషగాడు, సేనాపతి వేషగాడు మామ పనితనం చూడాలన్నారు. అప్పుడే పోగు తెగింది. ఇంకేం! మామ మొహం వెలిగిపోయింది.

"మామా, బంద్ చేయ్!" అని గొంతు చించుకున్నాను. నావైపు చూసి నవ్వాడు, చూడు అన్నట్టు చెయ్యి ఊపి వంగాడు. తెగిన పోగు పక్క పోగులకు చుట్టుకుని ధోటా దారికి అడ్డం పడింది. ఠప్పున చప్పుడుతో ధోటా ఎగిరింది. మామ కుడికన్ను మూసుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం. ఎవరో పరిగెత్తి సాంచా ఆపారు.

కుడికంటికి ఇక చూపు రాదన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో కట్టుతో పడుకున్న మామ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. నొప్పి అంటాడనుకున్నాను.

"బిడ్డా, అందరు జూస్తుండిరి గద. ముడి పడ్డదా లేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "కన్ను పోయింది మామా!"

"గది ఎరికే. ముడి సంగతి జెప్పు."

ముడి పడలేదు, నేను చూశాను. అప్పుడు, అసలు కార్ఖానాలోనే లేని అత్తమ్మ మంచం పక్కనుంచి అంది:

"పడ్డదయ్యా. అందరు అదే అంటుండ్రు."

ఆయన పెదాలు నవ్వుతో విచ్చుకున్నాయి. అత్తమ్మ లేచి బయటికి నడిచింది. నేను కోపం పట్టలేక వెంటబడ్డాను, ఎందుకు చెప్పావని దులిపేద్దామని. వరండా గోడకు ఆనుకుని నేల మీద కూలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని.

"పెండ్లైన కొత్తల కార్ఖానాకు సద్ది ఇయ్యవోయిన బిడ్డా," అంది. "సాంచా ఆపకుండ ముడేసి నా దిక్కు జూసిండు. గాజులు గల్లుమన చప్పట్లు గొట్టిన. అందరికన్న ముందుగాల గొట్టింది నేనే."