ఆవిరిలో తిరిగొచ్చిన ‘మ’

నా చిన్నప్పుడు మేమున్న ఇంట్లో చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేడినీళ్ళు, వేడినీళ్ళ కుళాయి తిప్పితే చన్నీళ్ళు వచ్చేవి. ఒమన్‌లో వేసవి గడిపినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. మేడ మీద ట్యాంకు ఎండకు కాగిపోయేది. గీజర్ కట్టేస్తే అందులోని నీళ్ళు ఇంటి నీడకు చల్లబడేవి. మేం ఆ గీజర్ నీళ్ళే పోసుకునేవాళ్ళం. రుస్తాఖ్‌లోని ఆ తిరగబడ్డ ఇంటికి మా నాన్నమ్మ, కాకినాడ దగ్గరి పల్లె నుంచి, కొన్ని నెలలు ఉండి వెళ్దామని వచ్చింది.

ఆవిడ వచ్చిన రోజు నుంచి నాకు పండగే. ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. బడి నుంచి రాగానే నా జడ విప్పి, మళ్ళీ వేసి, వేస్తున్నంతసేపూ మా నాన్న చిన్నప్పటి అల్లరి చెప్పేది. వంటింట్లోకి అడుగు పెట్టకుండానే, గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, “చారులో ఇంగువ మర్చిపోయావే కోడలా” అనగలిగేది. ఆ ముక్కంటే మా అమ్మకు భయమూ ఉండేది, గౌరవమూ ఉండేది.

ఆ ముక్కే మూసుకుపోయింది. బయట నిప్పుల ఎండ, లోపల ఏసీ చలి. ఈ రెండింటి మధ్య తిరిగి తిరిగి ఆవిడకు జలుబు పట్టుకుంది. క్లినిక్‌లో డాక్టరు మందులిచ్చి, ఆవిరి పట్టమన్నాడు. జ్వరం పోయింది, దగ్గు పోయింది. ముక్కు దిబ్బడ మాత్రం వారాలు గడిచినా వదల్లేదు. వాసన తెలియదు, అందువల్ల రుచీ తెలియదు. ఏం పెట్టినా గడ్డి తిన్నట్టుందనేది. ఆవిడ నోట ‘మ’ కూడా పలకడం మానేసింది. ‘మ’ అనబోతే ‘బ’ వచ్చేది. అమ్మను “ఏబ్బా” అని పిలుస్తుంటే నాకు నవ్వాగేది కాదు. పాపం, మొదట్లో ఆవిడా నవ్వేది. తర్వాత నవ్వడం మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు నాన్నను కూర్చోబెట్టి, తనను పంపించెయ్యమంది. తిండి సహించని చోట ఎన్నాళ్ళుంటానంది. నాన్న ఎంత బతిమాలినా వినలేదు. చివరికి, శనివారం మస్కట్ వెళ్ళి టికెట్ ముందుకు మార్పించుకొస్తానని ఒప్పుకున్నాడు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు.

మా గోడకు ఆనుకున్న పక్క వాటాలో హైదరాబాదు అక్క ఉండేది. వాళ్ళాయన ఊళ్ళో గ్యారేజీలో పనిచేసేవాడు. ఆవిడ ఇంట్లో ఉర్దూ మాట్లాడినా మాతో తెలంగాణ తెలుగే మాట్లాడేది. నాన్నమ్మను దాదీ అనేది. డాక్టరు చెప్పినట్టు ఆవిరి పట్టించారా అని అమ్మను అడిగింది. పట్టించబోయాం గానీ, గిన్నె మీదికి వంగి తల మీద దుప్పటి కప్పితే నాన్నమ్మకు ఊపిరాడదు. గాభరాగా చేతులు ఊపితే ఓసారి గిన్నె ఒళ్ళోకి ఒలకబోయింది. అప్పటి నుంచి ఆ మాటే ఎత్తనివ్వడం లేదని అమ్మ చెప్పింది. అక్క నేరుగా నాన్నమ్మ మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

“గిన్నె వద్దు, దుప్పటి వద్దు దాదీ. జర సేపు హమామ్‌ల కూసోండి. ముక్కు ఖుల్లా అయితది.”

నాన్నమ్మ గభాలున లేచి కూర్చుంది. ఎందుకంటే, ఒమన్‌కు వచ్చాక ఆవిడ నేర్చుకున్న అరబ్బీ మాట ఒక్కటే. ఇంటి యజమానురాలు వేలు పెట్టి చూపించి మరీ నేర్పిన ఆ మాట హమ్మామ్. ఇక్కడ ఆ మాటకు మరుగుదొడ్డితో కలిసి ఉన్న స్నానాల గది అని అర్థం.

“బరుగుదొడ్లో కూర్చోబెడతావుటే నన్ను? బుక్కు బూసుకోవాల్సిన చోట బుక్కు తెరుచుకోబంటావేంటే!”

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గదిలోంచి పారిపోయింది. అక్క ఏదో విడమరచి చెప్పబోయింది గానీ, నాన్నమ్మ అప్పటికే గోడవైపు తిరిగిపోయింది. మళ్ళీ వెనక్కి తిరిగి, మడీ మైలా లేని మాటలని ఇంకో నాలుగు వడ్డించింది. ఆ నాలుగింటిలోనూ ‘బ’లే. అక్క నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆవిడ నా బుగ్గ గిల్లి, ఏదో ఆలోచించుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. ఈసారి ముక్కు ఊసే ఎత్తలేదు. మొహం వేలాడేసుకుని గుమ్మంలోనే నిలబడింది.

“దాదీ, నా ఇజ్జత్ పోయేటట్టున్నది. శుక్రవారం మా ఆయన దోస్తులు వస్తరట. మీ దిక్కు ఆవిరి కుడుములు చేసి పెడతనని గొప్పలు చెప్పిన. నాకేమో అసలే రావు.”

నాన్నమ్మ గోడవైపు నుంచే, పప్పు ఎప్పుడు నానబోస్తావని అడిగింది. శుక్రవారం పొద్దున అని అక్క అనగానే లేచి కూర్చుని, ఇలాంటిదానికి పెళ్ళెలా చేశారని తిట్టి, గురువారం రాత్రే నానబెట్టించింది.

ఒమన్ ఇళ్ళలో పెద్ద వంటలకు పెరట్లో వేరే గది ఉంటుంది. మాకూ అక్కావాళ్ళకూ కలిపి అలాంటి బయటి వంటగది ఒకటుండేది. చిన్న గది, గోడలకు సగం దాకా పలకలు. శుక్రవారం అందులో అక్క రెండు గ్యాసు పొయ్యిలు పెట్టి, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలతో నీళ్ళు ఎక్కించింది. బయట దుమ్ము గాలి లేస్తోంది, పిండిలో ఇసుక పడుతుందని కిటికీ మూసింది. పైన ఉన్న గాలి కంత మాత్రం తెరిచే ఉంచింది. తలుపు కూడా కొంచెం ఓరగా వదిలింది. దాని విలువ నాకు పెద్దయ్యాక తెలిసింది. మూసేసిన గదిలో గ్యాసు మండితే ప్రాణానికే ప్రమాదం.

నాన్నమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని పెత్తనం మొదలుపెట్టింది. గిన్నె మూతికి తడిగుడ్డ బిగించి కట్టడాన్ని మా వైపు వాసెన కట్టడమంటారు. ఆ గుడ్డ మీద మినప్పిండి ముద్దలు పెట్టి, పైన మూత బోర్లిస్తే, కింద మరిగే నీళ్ళ ఆవిరికి ఉడుకుతాయి. అక్క మూత ఊరికే ఊరికే తీసేది. ఉడికిందో లేదో తెలియడం లేదనేది. తీసినప్పుడల్లా తెల్లటి ఆవిరి బుస్సున లేచి గదంతా కమ్ముకునేది. అలా తీయకూడదని నాన్నమ్మ తిడుతూనే ఉంది. తిట్టడానికి గుండెల నిండా గాలి కావాలి కదా, పీలుస్తూనే ఉంది. పలకల మీద నీళ్ళు ధారలు కట్టాయి. నాకు ఎదురుగా ఉన్న అమ్మ మొహం కూడా మసకగా కనిపించింది. నాన్నమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది, ముక్కు చీదుకుంది, మళ్ళీ చీదుకుంది. ఈ పని కోసమే అన్నట్టు అక్క పక్కన పాతగుడ్డలు మడతపెట్టి ఉంచింది. మంచినీళ్ళ చెంబు కూడా దగ్గరే పెట్టి, మధ్యమధ్య తాగిస్తోంది.

ఉన్నట్టుండి నాన్నమ్మ తిట్టడం ఆపింది. తల పైకెత్తింది.

“మాడుతోంది! ఎక్కడో గుడ్డ మాడు వాసన!”

మేం ముగ్గురం కదలకుండా నిలబడిపోయాం. చూస్తే, వాసెన గుడ్డ కొస ఒకటి జారి మంటలో పడి నల్లబడుతోంది. అక్క దాన్ని ఆర్పలేదు. చప్పట్లు కొడుతూ ఎగరడం మొదలుపెట్టింది.

“వదినా, దాదీకి వాసనొచ్చింది! వాసనొచ్చింది!”

“గుడ్డ తగలబడుతుంటే గంతులేంటే మీకు? మతిపోయిందా!”

అన్నీ ‘మ’లే. మాడు, మీకు, మతి. అమ్మ ఆ గుడ్డ కొస మీద నీళ్ళు చల్లింది. నేను వెళ్ళి నాన్నమ్మను కౌగిలించుకుని, నన్ను మనవరాలా అని పిలవమన్నాను. ఆవిడ పిలిచింది. బనవరాలా అని కాదు, మనవరాలా అని పిలిచింది. అప్పుడు గానీ ఆవిడకు కూడా అర్థం కాలేదు. అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని పిండి వాసన చూసింది. ఒక కుడుము తుంచి, అల్లం పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

“పచ్చట్లో ఉప్పు చాల్లేదే” అంది. అంత కమ్మటి మాట ఆ నెలలో మేమెవ్వరం వినలేదు.

అక్క అప్పుడు బయటపెట్టింది. దోస్తులూ లేరు, విందూ లేదు. తమ పాతబస్తీ ఇంట్లో పెద్ద రాగి పాత్రలో నీళ్ళు కాగుతుండేవని, దాన్నీ, అదున్న గదినీ హమామ్ అనేవాళ్ళని, చలికాలంలో పిల్లలంతా దాని గదిలో ఆవిరికి కూర్చునేవాళ్ళని చెప్పింది. నాన్నమ్మ నోరు తెరిచి వింది.

“రాగి కాగు అని ముందే ఏడవచ్చుగా! నేనింకేదో అనుకుని చచ్చాను.”

ఇంతలో నాన్న వచ్చి, గంపెడు కుడుములు చూసి నివ్వెరపోయాడు. లేని దోస్తుల కోసం చేసినవి కదా. గ్యారేజీకి వెళ్ళి నిజం దోస్తులను పిలుచుకురమ్మని నాన్నమ్మే పంపించింది. మలయాళీలు, బంగ్లా వాళ్ళు, మన కడప వాళ్ళు వచ్చి పెరట్లో చాప మీద కూర్చుని తిన్నారు. భోజనాలయ్యాక నాన్న నసుగుతూ, రేపు టికెట్ సంగతి ఏం చేయమంటావని అడిగాడు.

“ఏం టికెట్రా? ఈ పిల్లకి ఇంకా అల్లం పచ్చడే రాదు” అని నాన్నమ్మ ఇంకో కుడుము అందుకుంది. వీసా అయిపోయేదాకా ఉండి, రోజూ నా జడ వేసింది.

ఆ గది తర్వాత మా ఇంటి ఆవిరి గది అయింది. నాన్న గ్యాసు తీసేసి కరెంటుతో నీళ్ళు మరిగే పాత్ర ఏర్పాటు చేశాడు, కూర్చోవడానికి చెక్క బల్ల వేయించాడు. మోకాళ్ళు పట్టేసినప్పుడు అమ్మ, నడుం నొప్పితో డ్యూటీ నుంచి వచ్చినప్పుడు అక్క వాళ్ళాయన అందులో కాసేపు కూర్చుని వచ్చేవాళ్ళు.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగిలిందంతా గ్రంథాలయాల్లో కూర్చుని నాకు నేనుగా చదువుకున్నదే. ఆవిరి గురించి దొరికినవన్నీ చదివాను. తడి వేడి చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, పట్టేసిన కండరాలను సడలిస్తుంది, గట్టిపడ్డ కఫాన్ని పలచబరిచి గాలికి దారి ఇస్తుంది. జలుబును అది నయం చేయదు, తేలిక పరుస్తుంది. చెమటతో ఒంట్లో విషాలన్నీ పోతాయన్న మాట మాత్రం నమ్మక్కర్లేదు, ఆ పని మూత్రపిండాలు చూసుకుంటాయి. కాసేపు కూర్చుంటే చాలు. కళ్ళు తిరిగితే వెంటనే లేచి రావాలి. గుండె జబ్బూ రక్తపోటూ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగనిదే వెళ్ళకూడదు. అక్క మధ్యమధ్య మంచినీళ్ళు ఎందుకు తాగించిందో నాకు ఆ పుస్తకాల్లోనే అర్థమైంది.

కానీ వద్దన్న మనిషిని అక్కడిదాకా ఎలా తీసుకెళ్ళాలో ఏ పుస్తకంలోనూ కనబడలేదు. అక్క ఆ రోజు నాన్నమ్మను రోగిలా కూర్చోబెట్టలేదు, పంతులమ్మలా కూర్చోబెట్టింది. ఇంట్లో ఎవరైనా మొండికేస్తే నేను వాదన మానేసి, వాళ్ళకు బాగా వచ్చిన పనేమిటా అని వెతుకుతాను.

ఇప్పుడు మేం మస్కట్ దగ్గర మబేలాలో ఉంటున్నాం. పోయిన నెల మా అబ్బాయి, వాడకుండా పడి ఉన్న చిన్న గదిని ఆవిరి గదిగా మార్పించాడు. మా వారు వందల కిలోమీటర్ల అవతల దుక్మ్‌లో ఒక కంపెనీ సైట్‌లో మెయింటెనెన్స్ చూస్తారు. వారం వారం అంత దూరం కారు నడిపి భుజం బిగుసుకుపోయింది. అయినా ఆ గదిలోకి రానన్నారు. బయట ఉడికిపోతున్నది చాలక లోపల కూడా ఉడకడానికి గది కట్టుకున్నారా అని మమ్మల్ని ఎగతాళి చేశారు. నేను చదివిందేదీ అప్పజెప్పలేదు. తలుపు రబ్బరు దగ్గర ఆవిరి లీకవుతోందేమో, లోపల కూర్చుంటే గానీ తెలియదన్నాను.

స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలికి వెళ్ళారు. గది బిగించినవాళ్ళను తిడుతూ కాసేపు మాటలు వినబడ్డాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. బయటికి వచ్చినప్పుడు మొహం ఎర్రగా, హాయిగా ఉంది. చెయ్యి పైకెత్తి భుజం గుండ్రంగా తిప్పుకుంటున్నారు.

“లీకేజీ ఏం లేదు” అన్నారు. తువ్వాలు భుజాన వేసుకుంటూ, “రేపు ఇంకోసారి చూడాలి” అన్నారు.